అటక మీద ఇవాళ పుట్టినరోజు ఎవరిది?

ఈసారి గోడ పత్రికకు ఒక చెక్ దేశపు బొమ్మల సినిమా గురించి రాస్తున్నాను. దాని పేరును తెలుగు చేస్తే "అటక మీద, లేదా ఇవాళ పుట్టినరోజు ఎవరిది?" అని వస్తుంది. 2009లో విడుదలైంది. తీసినాయన యిర్జీ బార్తా. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే పిల్లల సినిమా అనే దానికి పేరు. హాస్టల్లో మేం ముగ్గురం చూశాం. ముగ్గురికీ పద్దెనిమిది దాటినయి, ఒక్కరం కూడా మధ్యల లేవలేదు.

కథ చిన్నదే. ఒక పాత ఇంటి అటక. దాని నిండా ఎవరికీ అక్కరలేని సామాను. అక్కడ ఒక పాత సూట్‌కేసులో నలుగురు కాపురం ఉంటారు. ఒక బొమ్మ పిల్ల, ఒక టెడ్డీ ఎలుగుబంటి, తాళ్లతో ఆడించే వీరుడి బొమ్మ ఒకటి, ప్లాస్టిసిన్ మట్టితో చేసిన వింత మనిషి ఒకడు. ఆ చివరివాడికి ముక్కు పెన్సిల్, నెత్తిన టోపీ సీసా మూత. వీళ్లు రోజూ పాచిక వేసుకుంటారు. పాచిక ఎవరి పేరు చెప్తే ఆ రోజు వాళ్ల పుట్టినరోజు, వాళ్లకు కేకు. అటకకు అవతలి మూలన దుష్టుల రాజ్యం ఒకటి ఉంది. దాన్ని ఏలేది మొండెం లేని ఒక విగ్రహపు తల. ఆ తల మన బొమ్మ పిల్లను ఎత్తుకుపోతుంది. మిగతా ముగ్గురూ వెతుక్కుంటూ బయల్దేరతారు. అంతే కథ. రామాయణం విన్నవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు.

బార్తా పెరిగింది, పని నేర్చుకున్నది కమ్యూనిస్టుల ఏలుబడిలో ఉన్న చెకొస్లొవేకియాలో. అందుకే ఆ తల, దాని నిఘా చూస్తే పెద్దవాళ్లకు ఏదో గుర్తుకొస్తుంది. పిల్లలకు మాత్రం అది వట్టి రాక్షసుడు.

నన్ను ఎక్కువగా ఆపింది బొమ్మ పిల్ల పేరు. చెక్ భాషలో ఆమె పేరు పొమ్న్యెంకా. అది ఒక చిన్న నీలి పువ్వు పేరు, గుర్తుంచుకోవడం అనే మాటలోంచి పుట్టింది. మరిచిపోయిన సామాను మధ్య, మరిచిపోవద్దనే పేరున్న బొమ్మ! ఇంగ్లీషులోకి మార్చినప్పుడు ఆమెకు బటర్‌కప్ అని పెట్టారు. పువ్వు మిగిలింది, గుర్తు పోయింది. అనువాదం పేపరు చదువుకునే మనకు ఇది మంచి లెక్క. తెలుగులోకి తెస్తే ఆమెను ఏమని పిలవాలి? నాకైతే యాదమ్మ అని పెట్టాలనిపించింది. యాదమ్మ పేరు యాదగిరి నుంచి వచ్చిందని నాకూ తెలుసు. కానీ వినేవాళ్ల చెవిలో యాది కూడా మోగుతుంది కదా. మేడమ్‌లు ఒప్పుకుంటారో లేదో చూడాలి.

పారేసిన సామాను మీద బార్తాకు మొదటినుంచీ మనసు. 1982లో చేతి గ్లౌజులే నటులుగా ఒక చిన్న సినిమా తీశాడు. తవ్వకంలో కొన్ని పాత ఫిల్ము డబ్బాలు దొరుకుతాయి, వాటిలో గ్లౌజులు నటించిన రకరకాల సినిమాలు ఉంటాయి. మూకీ కామెడీ దగ్గర్నుంచి మొదలవుతాయి. 1989లో తీసిన ఇంకోదానిలో బట్టల షాపుల్లో నిలబెట్టే బొమ్మలు, పాతబడి పనికిరానివి, ఒకచోట చేరి మనుషుల్లాగే విసుగ్గా సంసారం చేస్తుంటాయి. ఆ రెండూ పెద్దల సినిమాలు. పిల్లల కోసం తీసినప్పుడు కూడా ఆయన కొత్త బొమ్మల జోలికి పోలేదు, అటక ఎక్కాడు.

ఇవి ఎట్లా కదులుతాయో తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. బొమ్మను ఒక భంగిమలో పెట్టి ఒక ఫొటో తీస్తారు. చెయ్యి వెంట్రుకవాసి జరిపి ఇంకో ఫొటో. మళ్లీ జరిపి మళ్లీ ఫొటో. వీటిని వరసగా వేగంగా చూపిస్తే మన కంటికి చెయ్యి ఎత్తినట్టు కనపడుతుంది. సినిమాకు సెకనుకు 24 ఫొటోలు. సినిమా 75 నిమిషాలనుకుంటే 4,500 సెకన్లు, అంటే 1,08,000 ఫొటోలు. ఒక్కో భంగిమను రెండేసి ఫొటోలు తీసి పని తగ్గించుకుంటారు, అప్పుడు కూడా 54,000 సార్లు ఎవరో ఒకరు వంగి బొమ్మను ముట్టుకుని జరపాలి. చంటిపిల్లను కూడా అన్నిసార్లు సర్దరేమో.

ఈ పద్ధతి మనకు కొత్తదేం కాదు. హరిశ్చంద్ర తీసిన ఫాల్కే 1915లోనే అగ్గిపుల్లలను ఇట్లా కదిలించి ఒక చిన్న సినిమా చేశాడు. దాని పేరు "ఆగ్‌కాడ్యాంచీ మౌజ్". ఆగ్‌కాడీ అంటే మరాఠీలో అగ్గిపుల్ల.

బార్తా సినిమాలో నాకు బాగా నచ్చిన సంగతి వరద. అటక మీద వరద రావాలి. నీళ్లు పొయ్యలేదు. పరుపులు, దిండ్లు, దుప్పట్లు పొంగుకుంటూ వస్తాయి. దుప్పటి నీళ్లలాగా కనపడాలని రంగులేసి మోసం చెయ్యలేదు. అది దుప్పటి అని మనకు తెలుస్తూనే ఉంటుంది, అయినా టెడ్డీ మునిగిపోతాడేమోనని భయం వేస్తుంది. రెండూ ఒకేసారి. మా చెల్లె చిన్నప్పుడు ఉయ్యాల చీరలో కూర్చుని పడవ అనేది. అది చీరెనే అని దానికి తెల్వదా? తెలుసు. అయినా కాలు కింద పెట్టమంటే "మొసలి ఉన్నది" అని ఏడ్చేది.

ఇంకో సంగతి ముఖాలది. చెక్ బొమ్మల సినిమాకు పెద్దాయన యిర్జీ త్రున్కా (1912–1969). ఆయన బొమ్మల ముఖంలో కవళిక మారదు. పెదవి కదలదు, కనుబొమ లేవదు. వెలుతురు పడే తీరు మారుస్తాడు, తల కొంచెం వంచుతాడు, మనకు అది ఏడ్చినట్టు కనపడుతుంది. ఏడ్పు మనం పెట్టుకున్నదే. వాళ్ల దేశంలో బొమ్మలాట ఎంత లోతుగా ఉందంటే, 2016లో యునెస్కో చెక్, స్లొవాక్ దేశాల బొమ్మలాటను మానవజాతి వారసత్వం జాబితాలో చేర్చింది.

కదలని ముఖం అనగానే మనకు మన తోలుబొమ్మలే గుర్తుకురావాలి. తోలుబొమ్మ ముఖం కూడా ఒక్కసారి చెక్కితే అంతే. సీత నవ్వినా అదే ముఖం, ఏడ్చినా అదే ముఖం. బొమ్మను తెరకు ఆనిస్తే గీత గీసినట్టు కనపడుతుంది, కొంచెం వెనక్కి లాగితే నీడ చెదిరి పెద్దదవుతుంది. మిగతాది గొంతు చూసుకుంటుంది. ఆ గొంతు ఎవరిది అన్నది మన కాలేజీలో తప్పకుండా చెప్పుకోవాల్సిన మాట. తోలుబొమ్మలాట మేళం అంటే ఒక కుటుంబం. మగవాళ్లు తెర వెనక ఎగురుతుంటే ఆడవాళ్లు వంత పాడేవాళ్లు, సీతకూ మండోదరికీ మాట ఇచ్చేవాళ్లు. మధ్యలో కథకు సంబంధం లేకుండా వచ్చి నవ్వించే బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు ఉండనే ఉన్నారు. ఈ ఆట ఆడే ఆరె కుటుంబాలు చాలావరకు ఇంట్లో మరాఠీ మాట్లాడి తెర మీద తెలుగు మాట్లాడతాయి. చింతకి పిల్లకు అది వింతగా అనిపించదు.

చింతకి అంటే మా ఊరు. బీదర్ జిల్లా ఔరాద్ తాలూకా, తెలంగాణ సరిహద్దు పక్కన. ఊరు కర్ణాటకలో ఉంది, మా ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, అంగట్లో మరాఠీ, దక్కనీ ఉర్దూ. బొమ్మను మేం బొమ్మ అంటాం. పక్కింటివాళ్లు గొంబె అంటారు. కన్నడంలో బొంబె అన్న రూపం కూడా ఉంది, అది మన బొమ్మకు తోడబుట్టిందే. మరాఠీ పిల్లలు బాహులీ అంటారు, ఉర్దూ పిల్లలు గుడియా అంటారు. అటకను కన్నడంలో అట్ట అంటారు, ఇదీ చుట్టరికమే. ఇన్ని పేర్లున్నా ఆటలో తగాదా వచ్చేది పేరు దగ్గర కాదు, బొమ్మ ఎవరింట్ల పండుకోవాలె అన్న దగ్గర.

మా దిక్కు జొన్న ఎక్కువ. కోతలయినంక మిగిలిన సొప్పలోంచి పిల్లలు లావు కట్టెలు ఏరుకుంటారు. పైన చెక్కులాగా ఉన్న పొరను పండ్లతో చీలిస్తే లోపల తెల్లటి బెండు వస్తుంది. బెండును ముక్కలు చేసి, ఆ చీల్చిన పొరనే సన్నటి పుల్లలు చేసి గుచ్చుతారు. జిగురు లేదు, మేకు లేదు. ఎద్దు వస్తుంది, బండి వస్తుంది, కావాలంటే కండ్లద్దాలు కూడా వస్తాయి. పుల్ల గీరుకుని పెదవి తెగడం మామూలే. చక్రాలు గట్టిగా కావాలంటే అరిగిన హవాయి చెప్పు కావాలి. చెప్పు మీద సీసా మూత బోర్లించి చుట్టూ బ్లేడుతో కోస్తే గుండ్రటి చక్రం. సీసా మూతను రాయితో సాపు చేసి రెండు బెజ్జాలు పెట్టి దారం ఎక్కిస్తే గిర్ర. రెండు అగ్గిపెట్టెలకు దారం కడితే ఫోను. వీటిని ఎవరూ నేర్పరు. పెద్దపిల్లలు చేస్తుంటే చిన్నపిల్లలు పక్కన కూర్చుని చూస్తారు, అంతే.

ఇక్కడ ఒక సంగతి గమనించాను. పిల్లలు వస్తువుకు ఏ పని పడితే ఆ పని ఇవ్వరు. చెప్పు మెత్తగా ఉండి నేలను పట్టుకుంటుంది కాబట్టి చక్రమైంది. బెండు తేలిక కాబట్టి ఎద్దయింది. బార్తా దుప్పటిని వరద చేసింది కూడా అది పొంగుతుంది, ముడుచుకుంటుంది కాబట్టే. వస్తువు పాత బతుకులో చేసిన పని అయిపోయింది. దాని మెత్తదనం, బరువు, వంపు మాత్రం మిగిలే ఉన్నాయి. పిల్లల చూపు నేరుగా వాటి మీదికి పోతుంది. పెద్దవాళ్లం పేరును చూస్తాం, "పాత చెప్పు" అనేస్తాం, బయట పడేస్తాం.

మా ఇళ్లలో పెద్దవాళ్లు కూడా ఇట్లా చూసేది ఒక్క బొంత కుట్టేటప్పుడే. కన్నడంలో దాన్ని కౌది అంటారు. చిరిగిన చీరలు నాలుగైదు పొరలుగా పరిచి చిన్న చిన్న కుట్లు వేసుకుంటూ పోతారు. మా నాయనమ్మ కుట్టిన బొంత మీద పండుకుంటే నిద్ర కంటే ముందు కథలు వచ్చేవి. ఇది మీ అత్త పెండ్లి చీర, ఇది మీ నాయిన పుట్టినప్పుడు పెట్టింది, ఇది ఎవరిదో యాదికి లేదు. ఆ యాదికి లేని ముక్క మీదనే నేను తల పెట్టుకునేదాన్ని, దానికి రోజుకొక కథ నేనే అల్లుకోవచ్చని.

ఇప్పుడు పాచిక దగ్గరికి వస్తాను. సినిమా అంతటిలో నా మనసులో ఉండిపోయింది అదే. అటక మీది బొమ్మలకు పుట్టినరోజు ఎందుకు ఉండదు? ఎవరు చేశారో, ఎప్పుడు కొన్నారో చెప్పే మనిషి లేడు కాబట్టి. పుట్టినరోజు మనకై మనకు తెలిసేది కాదు. ఎవరో చూసి, గుర్తుపెట్టుకుని, మనకు చెప్పాలి. చెప్పేవాళ్లు లేనప్పుడు ఆ నలుగురూ ఏం చేశారంటే ఒకరికొకరు చెప్పుకున్నారు. పాచిక వట్టి సాకు.

ఇది దూరపు ఊహ అనుకోకండి. మన క్లాసులోనే అమ్మనాన్నల ఆధార్ కార్డులు తీసి చూడండి. మా దిక్కు పెద్దవాళ్లలో చాలామంది జూన్ 1న పుట్టారు. నిజంగా ఆ రోజు అంతమంది పుట్టారా? బడిలో చేర్చే రోజు తేదీ అడిగితే ఇంటివాళ్లు చెప్పలేకపోయారు, బడులు తెరిచే నెల చూసి సారు ఒకటో తేదీ వేశారు. మా అమ్మదీ జూన్ 1. నాయనమ్మ బడికే పోలేదు కాబట్టి ఆ తేదీ కూడా లేదు. "పోలీస్ యాక్షన్ అయిన ఏడు" అంటుంది. అంటే 1948. అప్పుడు మా బీదర్ నిజాం రాజ్యంలో ఉండేది. 1956లో మైసూరు రాష్ట్రంలోకి పోయింది. ఊరు ఎక్కడుందో ప్రభుత్వాలు రెండుసార్లు రాసుకున్నాయి, ఆమె ఎప్పుడు పుట్టిందో ఎవరూ రాయలేదు. యిర్జీ బార్తా పుట్టిందీ 1948లోనే. ఆ మాట చెప్తే నాయనమ్మ "ఆయనకు తేదీ తెలుసా?" అని అడిగింది.

సినిమా మీద నాకొక తగాదా ఉంది, అది కూడా చెప్పాలి. పొమ్న్యెంకా ఆ సూట్‌కేసులో ఏం చేస్తుంది? అందరినీ లేపుతుంది, ఊడుస్తుంది, వండుతుంది, కేకు చేస్తుంది. టెడ్డీకి బయట ఉద్యోగం, వీరుడికి యుద్ధం, ప్లాస్టిసిన్ మనిషికి అల్లరి. ఆమెకు ఇల్లు. ఎత్తుకుపోయేదీ ఆమెనే, విడిపించేది వాళ్లు. పెన్సిల్‌ను ముక్కు చెయ్యగలిగినవాళ్లకు, దుప్పటిని వరద చెయ్యగలిగినవాళ్లకు ఆడబొమ్మకు ఇంకొక పని దొరకలేదా? వస్తువులకు కొత్త బతుకు ఇచ్చారు, ఆమెకు పాతదే ఉంచారు. మా రూములో ఒకామె "పిల్లల ఆటలో ఉన్నదే చూపించిన్రు, అందుల తప్పేమున్నది" అంది. అదీ నిజమే. మన బువ్వలాట ఏమిటి మరి? కొబ్బరి చిప్పలో ఇసుక అన్నం, ఆకుల కూర. బొమ్మల పెండ్లి పెట్టినా అప్పగింతల ఏడ్పు తప్పదు.

అయినా నేను చూసిన బువ్వలాటలో ఒక తేడా ఉంది. మా వాడకట్టులో ఒక పిల్ల ఉండేది. ఎప్పుడూ తనే మామ పాత్ర వేసేది. తువ్వాల నెత్తికి చుట్టుకుని "ఇయ్యాల వంట బాగలేదు, నేనే చేస్త" అనేది. ఏ మామను చూసి నేర్చిందో మాకు తెలియదు, ఊళ్లో అట్లాంటి మామ లేడు. ఆటలో ఆ పని దానికదే కల్పించుకుంది. పొమ్న్యెంకాకు బార్తా ఇవ్వనిది అది.

ఆ పిల్లకు పదేండ్లు రాకముందే తమ్ముడు పుట్టాడు. వాణ్ణి చంకనెత్తుకుని మా ఆట పక్కన నిలబడి చూసేది. "రావే" అంటే, "వీడు ఏడుస్తడు" అనేది. పిల్లల్లో ఊహ తగ్గిపోయింది, అంతా ఫోన్ల వల్లే అని అందరూ అంటుంటారు. నేను ఒప్పుకోను. మా అక్క కొడుకు కొరియర్ డబ్బాలో కూర్చుని ఔరాద్ బస్సు నడుపుతాడు, టికెట్ లేకపోతే నన్ను దింపేస్తాడు కూడా. ఊహ బాగానే ఉంది. లేనిది ఆడపిల్లకు ఆడుకునే పొద్దు. బొమ్మను పక్కన పెట్టేది ఆమె కాదు, ఆమె చేతిలోకి ఇంకొకటి వస్తుంది.

మళ్లీ తోలుబొమ్మల దగ్గరికి ఒకసారి పోతాను, ఎందుకంటే అక్కడ పారేసింది వస్తువును కాదు. అనంతపురం దిక్కు ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరుంది. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊళ్లో తోలు మీద ఇప్పటికీ అంతే చక్కగా చెక్కుతారు, రంగులు వేస్తారు. కానీ చాలావరకు అవి దీపాల బుట్టలుగా, గోడకు వేలాడే పటాలుగా అమ్ముడుపోతాయి. వాటి వల్ల ఇండ్లు గడుస్తున్నాయి, అందుకు సంతోషమే. వెనక దీపం ఇప్పుడూ ఉంది. ముందు కూర్చునే జనం లేరు. అటక మీద బొమ్మలకు ఆట మిగిలింది, ఆడించేవాళ్లు పోయారు. ఇక్కడ ఆడించేవాళ్లున్నారు, ఆటే అటకెక్కింది.

మా కర్ణాటకలో కొప్పళ జిల్లా మొరనాళ ఊరి భీమవ్వ శిళ్ళేక్యాతర గారికి 2025లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఆమెకు 96 ఏండ్లని పత్రికలు రాశాయి. తోలుబొమ్మలతో రామాయణ, మహాభారతాలు ఆడిస్తూ బతుకంతా గడిపిన మనిషి. విదేశాల్లో కూడా ఆడించారు. ఆమె ఫొటో చూడండి, సన్నటి ముసలమ్మ, నెత్తిన కొంగు. ఎత్తుకుపోయిన సీతకు గొంతు ఇచ్చేది, ఆ సీతను చేత్తో పట్టుకుని తెర మీదికి తెచ్చేది ఇలాంటి ఆడవాళ్లే. పొమ్న్యెంకాకు పని వెతికేవాళ్లు ఇటు కూడా ఒకసారి చూడొచ్చు.

సినిమా ఇంగ్లీషు మాటలతో "టాయ్స్ ఇన్ ది ఆటిక్" అనే పేరున దొరుకుతుంది. డిపార్ట్‌మెంటులో ప్రొజెక్టర్ ఖాళీగా ఉన్న శనివారం వేసుకుందామని మేడమ్‌ను అడిగాను, చూద్దామన్నారు. దానికి ముందు మనమే ఒక నిమిషం సినిమా తీద్దామని నా కోరిక. ఫోను స్టాండుకు బిగిస్తే చాలు. సెకనుకు 12 చొప్పున 720 ఫొటోలు, నలుగురం కూర్చుంటే రెండు మధ్యాహ్నాల పని. జొన్న కోతలయ్యాక ఊరికి పోతే సొప్ప బెండ్లు నేను తెస్తాను. అరిగిన హవాయి చెప్పులున్నవాళ్లు పారెయ్యకుండ్రి, నా రూము ముందర పెట్టిపోండ్రి. జత అక్కరలేదు, ఒక్కటున్నా చాలు.